నీడల బోర్డు మీద కొక్కెం

లెక్కలక్క కంటికి కనబడ్డదాన్నల్లా లెక్కపెడుతుంది. గిన్నెలు కడిగి బోర్లించాక చెంచాలు లెక్కపెడుతుంది. ఆరేసిన బట్టలు తీసేటప్పుడు క్లిప్పులు లెక్కపెడుతుంది. బస్సు దిగాక పిల్లల్ని లెక్కపెడుతుంది. ఉన్నది ఇద్దరే, అయినా వేలు చూపించి మరీ లెక్కపెడుతుంది. "రెండు దాకా లెక్కపెట్టడానికి వేలు కూడా కావాలటమ్మా" అని వాళ్లత్తగారు ఎన్నిసార్లు దెప్పిందో చెప్పలేం. ఎంత దెప్పినా ఆవిడ మానింది లేదు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, ఉద్యోగం అంటించింది. ఆ పేరు పెట్టింది కూడా పనిలో వాళ్లే. ఆవిడ సైన్యంలో పనిచేస్తుందనగానే కొత్తవాళ్లు కిందినుంచి పైదాకా ఓసారి చూస్తారు. పొట్టి మనిషి, కళ్లజోడు, మోకాళ్ల నొప్పులు. జన్మలో తుపాకీ పట్టలేదు, కవాతు చెయ్యలేదు. యూనిఫాం అంటే ముందర రెండు జేబులున్న నీలం ఏప్రాన్, అంతే. ఆవిడ పని పారాచూట్లు మడతపెట్టడం.

మడత గదిలో పారాచూట్‌ని ఎవరూ పారాచూట్ అనరు, గొడుగు అంటారు. గది పొడుగునా బల్లలుంటాయి. బల్ల మీద గొడుగు గుడ్డ పరిచి, జారిపోకుండా ఇసుక సంచులు బరువు పెట్టి, మడత మీద మడత వేసి, తాళ్లన్నీ వరసగా సర్ది, చివరికి సంచిలోకి కూరాలి. తాళ్లని చిన్న చిన్న ఉచ్చుల్లోంచి లాగడానికి ఉక్కు కొక్కెం ఒకటుంటుంది, అరచేతిలో దాక్కునేంత. ఈ కథంతా దాని గురించే.

ప్రతి బల్ల పక్కనా గోడకి ఒక తెల్ల బోర్డు. దాని మీద ఆ బల్ల పనిముట్ల ఆకారాలు నల్లరంగుతో వేసి ఉంటాయి. కత్తెర నీడ మీద కత్తెర, సూది నీడ మీద సూది, కొక్కెం నీడ మీద కొక్కెం. వస్తువు తీస్తే నీడ బయటపడుతుంది, పెడితే మాయమవుతుంది. సాయంత్రం గంట కొట్టేసరికి ఏ బోర్డు మీదా నల్లరంగు కనబడకూడదు. ఒక్క నీడ ఖాళీగా ఉన్నా గొడుగులు గది దాటవు. మడతపెట్టినవన్నీ విప్పి వెతకాలి. మడతలో ఇరుక్కున్న కొక్కెం ఆకాశంలో ఏం చేస్తుందో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నియమం మంచిదే. పాడుచేసింది దాని వెనక వచ్చిన సంగతి.

ఆవిడ చేరిన కొత్తలో పక్కబల్ల మీద ఒకాయన ఉండేవాడు. మహా హాస్యగాడు, గదంతా ఆయన్ని నవ్వులాయన అనేవారు. ఓ సాయంత్రం "నా కత్తెర కనబడటం లేదండీ" అని తనంతట తనే చెప్పాడు. గొడుగులన్నీ విప్పారు, మర్నాటి కార్యక్రమం ఆగిపోయింది, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. తీరా చూస్తే కత్తెర క్యాంటీన్‌లో వదిలేసిన ఆయన కోటు జేబులో ఉంది. అప్పటి అధికారి ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి చెడామడా తిట్టాడు. విచారణ పేరుతో నెలల తరబడి తిప్పి, ఆఖరికి ఎక్కడో పాత టైర్లు కాపలా కాసే గోదాముకి తోలేశారు. నిజం చెప్పినందుకు ఆ మనిషికి దక్కింది అది.

ఆ తర్వాత మడత గదిలో ఏళ్ల తరబడి ఒక్క వస్తువూ పోలేదు. పెద్దలు మురిసిపోయి గోడకి ప్రశంసాపత్రం తగిలించారు. వస్తువులు పోవడం మానేశాయా, పోయాయని చెప్పడం మానేశారా అని అడిగే ఇంగితం ఒక్కరికీ లేకపోయింది.

లెక్కలక్క కూడా భయపడింది. ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్. ఓ ఆదివారం బతిమాలి ఆయనతో ఒక కొక్కెం చేయించుకుంది. అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, పిడి అడుగున బల్ల నెంబరు ముద్ర మాత్రం ఉండదు. దాన్ని గుడ్డపీలికలో చుట్టి భోజనం సంచి అడుగున పడేసింది. వాడాలని కాదు, ఉందన్న ధైర్యం కోసం. ఇంత పెద్ద గదిలో ఇలాంటి తప్పు చేసింది తనొక్కతే అనుకుని ఇన్నేళ్లూ ఆ సంచిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఓ మధ్యాహ్నం కొత్తగా చేరిన కుర్రాళ్లని గది చూపించడానికి తీసుకొచ్చారు. మర్నాడు తెల్లవారగానే వాళ్లు మొదటిసారి విమానంలోంచి దూకాలి. అందరికీ తలలు నున్నగా గొరిగేశారు. వాళ్లలో ఒకడికి చెవులు రెండూ చాటల్లా బయటికొచ్చి ఉన్నాయి. వాడు లెక్కలక్క బల్ల దగ్గర ఆగి, ఆవిడ తాళ్లు సర్దడం కాసేపు గుడ్లప్పగించి చూసి, "ఇది తెరుచుకుంటుందంటావా అక్కా?" అని అడిగాడు.

"తెరుచుకోకపోతే తిరిగి తెచ్చివ్వు, ఇంకోటి ఇస్తా" అంది ఆవిడ, అలవాటైన జోకే. కుర్రాళ్లంతా గొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. వాళ్లు వెళ్లేదాకా చూసి మళ్లీ పనిలో పడింది.

సాయంత్రం పనిముట్లు బోర్డుకి తగిలిస్తుంటే కొక్కెం నీడ నల్లగా, ఖాళీగా కనబడింది.

ఏప్రాన్ జేబులు తడిమింది. బల్ల కింద చూసింది. ఇసుక సంచులు ఎత్తి చూసింది. ఈలోగా గంట కొట్టారు. గొడుగులు తీసుకెళ్లే బండి తలుపు దగ్గరికొచ్చింది. అటునుంచి పెద్దమేస్త్రి ఒక్కో బోర్డూ చూసుకుంటూ వస్తున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. సరిగ్గా అప్పుడే గోదాములో టైర్ల మధ్య కుర్చీ వేసుకు కూర్చున్న నవ్వులాయన కళ్లముందు మెదిలాడు. చెయ్యి దానంతటదే భోజనం సంచిలోకి వెళ్లింది. ఇప్పటికి ఇది తగిలిద్దాం, బండి కదిలేలోగా అసలుది దొరక్కపోతుందా అనుకుంది.

నల్లరంగు మాయమైంది.

పెద్దమేస్త్రి వచ్చాడు. ఆవిడకి చెయ్యి పట్టుకుని మడత నేర్పింది ఆయనే. వాళ్ల నాన్న పోయినప్పుడు పక్కన నిలబడిందీ ఆయనే. గదిలో అందరూ మేస్త్రిగారంటే ఆవిడ మాత్రం బాబాయ్ అంటుంది. పెద్దరికం వచ్చినా చెయ్యి మొద్దుబారకూడదని ఇప్పటికీ మూడో బల్ల మీద రోజుకి కాసిని గొడుగులు తనే మడతపెడతాడు. "నీ బోర్డు చూడక్కర్లేదమ్మాయ్" అని సంతకం గిలికి వెళ్లిపోయాడు. ఆ మాట ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది.

బండి వెళ్లిపోయింది. గది ఊడ్చే నెపంతో మూలమూలా వెతికింది. చీపురుకి దారప్పోగులు తప్ప ఏమీ తగల్లేదు.

ఇంటికెళ్లాక పళ్లెం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. పిల్లలు ఏదో అడిగితే ఇంకేదో చెప్పింది. లేచి గుమ్మందాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చుంది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న ఆవిడని భర్త ఓ కంట కనిపెడుతూనే ఉన్నాడు.

"ఏంటే, చెంచా ఏమైనా తగ్గిందా?" అన్నాడు నవ్విద్దామని.

"కొక్కెం పోయిందండీ. మీరు చేసింది తగిలించి వచ్చేశాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. తను చేసిన వస్తువు ఎక్కడ వేలాడుతోందో అప్పుడు తెలిసింది. పాపం, పెళ్లాం సరదా పడి అడిగిందనుకుని చేసిపెట్టాడే తప్ప ఎందుకని అడగలేదు.

"గొడుగులోనే ఉందంటావా? బయటెక్కడో పడిపోయి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు."

"ఇప్పుడెళ్లి చెప్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండదేమో."

"మరి?"

ఇద్దరు పిల్లల చదువూ ఆవిడ జీతం మీదే నడుస్తోంది. బయట ఉంటే బాగుండు, డ్రైనేజీలో ఉంటే బాగుండు, చెత్తబుట్టలో ఉంటే బాగుండు అని మనసులో దండం పెట్టుకుంటూనే ఉంది. మధ్యమధ్యలో ఆ చాట చెవులు కళ్లముందుకొచ్చేవి.

మూలన మంచం మీద వత్తిగిలి పడుకున్న అత్తగారు అంతా వింటూనే ఉంది. "చెంచాలకి కూడా లెక్క చెప్పేదానివి, మనుషుల దగ్గరికొచ్చేసరికి కూర్చున్నావేమమ్మా? లే. చెప్పులేసుకో" అంది.

ఆవిడ చెప్పులేసుకుంది.

బాబాయ్ ఇల్లు సైన్యం గేటు పక్క వరసలోనే. ఆయన వరండాలో కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఆవిడ నిలబడే, గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన చేతిలో బ్రష్ ఆగింది. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే ముందు."

"అయితే విను. బోర్డు నిండింది, సంతకం పడింది. ఎక్కడో పడి ఉంటుంది, రేపు నేను వెతికిస్తా. ఇంటికెళ్లు."

"రేపు తెల్లారేసరికి దూకుతారు బాబాయ్."

"అన్నింట్లోనూ ఉండదు కదమ్మా! ఉంటే గింటే ఒక్కదాంట్లో. అది కూడా ఉందని ఎవడు చూశాడు?"

ఆయన నోటినుంచి ఇలాంటి మాట వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఒక్క ముడత ఉంటే మొత్తం విప్పించి మళ్లీ చేయించే మనిషి. ఆవిడకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"ఆ ఒక్కటీ ఎవరిదో చెప్పండి, వాణ్ణొక్కణ్ణీ ఆపేస్తాను" అంది.

ఆయన మళ్లీ బూటు అందుకున్నాడు. ఆవిడ ఇంక ఆగకుండా, మడత గదికి ఇప్పటి అధికారి అయిన మేజరుగారి బంగళా వైపు నడిచింది. కాసేపటికి వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడింది. బాబాయ్ చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పు పెట్టుకుని వస్తున్నాడు. వచ్చి పక్కనే నడిచాడు.

మేజరు అరవలేదు. అరిస్తేనే బాగుండేది. ఆవిడ చెప్పిందంతా విని, "ఇంతసేపు ఏం చేస్తున్నారు?" అని మాత్రం అడిగాడు. ఆయన ఫోన్ తీసి, రేపు ఎవరూ దూకడం లేదని పైవాళ్లకి చెప్పి, అటువైపు వాళ్లు అన్న మాటలన్నీ చెవులు ఎర్రబడేదాకా విన్నాడు. తర్వాత మడత గది వాళ్లందర్నీ ఉన్నపళంగా పిలిపించాడు.

ఒక్కొక్కరే వచ్చారు. భోజనం మధ్యలో లేచి వచ్చినవాళ్లు, పిల్లల్ని పక్కింట్లో పడేసి వచ్చినవాళ్లు. ఎవరి వల్లో తెలియగానే చూపులన్నీ ఆవిడ మీద వాలాయి. పొద్దున్న కలిసి టీ తాగిన మనుషులే. "ఎంత పని చేశావ్ లెక్కలక్కా" అని ఒకామె పళ్లు కొరికింది.

మర్నాటి కోసం సర్దిపెట్టిన గొడుగులన్నీ వెనక్కి తెచ్చారు. కొన్ని ఆ రోజువి, కొన్ని అంతకు ముందు వారంవి. సంచి విప్పడం, గుడ్డని బల్ల మీదికి లాగడం, తాళ్లు ఒక్కోటీ దులపడం. తెల్లటి గుడ్డ కుప్పలు కుప్పలుగా నేలమీదికి జారుతోంది. అంత జాగ్రత్తగా వేసిన మడతలన్నీ అలా పోతుంటే ఆవిడకి ఒళ్లంతా సలిపింది.

ఇంతలో రెండో బల్ల దగ్గర ఠంగుమని ఏదో కిందపడింది.

"దొరికింది!" అని ఎవరో కేక వేశారు. కొక్కెమే. గుడ్డ మడతలోంచి జారిపడింది. గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పళ్లు కొరికినామె వచ్చి లెక్కలక్కని వాటేసుకుంది. మేజరు కూడా కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే. దొరికింది. మిగతావి విప్పక్కర్లేదు. వీటిని మళ్లీ మడతపెట్టి ఇళ్లకెళ్లండి. ఇదుగోనమ్మా, మీ కొక్కెం" అని ఆవిడ చేతిలో పెట్టాడు.

లెక్కలక్క దాన్ని కళ్లకద్దుకోబోయింది. ఉత్త అలవాటు కొద్దీ బొటనవేలితో పిడి అడుగున తడిమింది. ముద్ర తగిలింది. ఆవిడ బల్ల ఏడోది. ఈ ముద్ర ఏడు కాదు, మూడు.

మూడో బల్ల బోర్డు వైపు చూసింది. అక్కడ కొక్కెం ఉండాల్సిన చోట కొక్కెం ఉంది. నల్లరంగు ఇసుమంతైనా కనబడటం లేదు.

తర్వాత బాబాయ్ వైపు చూసింది. ఆయన అప్పటికే ఆవిడనే చూస్తున్నాడు. వరండాలో ముఖం ఎందుకు పాలిపోయిందో, ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది.

ఊరుకుంటే అయిపోయేది. అందరూ ఇళ్లకెళ్లేవారు. రేపోమాపో రిటైరవ్వాల్సిన పెద్దమనిషి పరువు దక్కేది. ఆవిడ తప్పు కూడా సగానికి సగం తగ్గేది, వస్తువు దొరికింది కదా. గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఆవిడ కొక్కెం ఇంకా విప్పని గొడుగుల్లో ఎక్కడో ఉంది. ఆ చెవుల కుర్రాడికి ఆవిడ నవ్వుతూ మాట ఇచ్చింది.

"ఇది నాది కాదండీ" అంది. మేజరుకి వినబడినట్టు లేదు. మళ్లీ అంది. "నాది కాదండీ. నాది ఇంకా దొరకలేదు."

"మరి ఇదెవరిది?" అన్నాడు మేజరు.

ఆవిడ పేరు చెప్పలేదు. ఎంత ప్రయత్నించినా చెప్పలేకపోయింది. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. పెద్దమేస్త్రి మెల్లిగా నడుచుకుంటూ మూడో బల్ల దగ్గరికెళ్లి, బోర్డు మీది కొక్కెం తీసి మేజరు ముందు పెట్టాడు.

"అది నాది సార్. పోయిన వారం పోయింది. గదంతా వెతికాను, దొరకలేదు. ఇది బయట చేయించుకున్నది." లెక్కలక్క వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయి నా దగ్గరికొస్తే ఇంటికి పొమ్మన్నాను. ముప్పై ఏళ్లు ఈ గదిలో చేసి, చివరికి ఈ మాట అన్నాను సార్."

అప్పుడు పళ్లు కొరికినామె తన సంచి తెరిచి, కర్చీఫులో చుట్టిన కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గరున్నాయన సాక్సులోంచి ఒక కొక్కెం లాగాడు. ఒకరు సూది పెట్టారు, ఇంకొకరు రెండు కొక్కేలు పెట్టారు. చూస్తుండగా బల్ల మీద చిన్న ఇనప దుకాణం తయారైంది. ఏ లెక్కలోనూ లేని వస్తువులు, దేని మీదా ముద్ర లేదు. పక్కపక్కనే కూర్చుని పనిచేసే మనుషులు ఇన్నేళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు మోసుకు తిరిగిన భయం అంతా అక్కడ కుప్పగా పడి ఉంది.

మేజరు ఆ కుప్ప వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూశాడు. "గొడుగుల గోదాములో ఉన్నవి కూడా తెప్పించండి. అన్నీ విప్పుదాం" అన్నాడు. ఆయనే చొక్కా చేతులు పైకి మడిచి ఒక బల్ల దగ్గర నిలబడ్డాడు.

లెక్కలక్క కొక్కెం ఆవిడ తన చేత్తో మడిచిన గొడుగులోనే దొరికింది, మధ్యాహ్నం కుర్రాళ్లు వచ్చినప్పుడు బల్ల మీదున్న దాంట్లో. కిందపడలేదు, జారలేదు. నాలుగు తాళ్లని కలిపి పట్టుకుని అలాగే ఉంది. ఆవిడే లాగి చూసింది. గట్టిగా లాగినా తాళ్లు విడలేదు. ఆవిడ ఉన్నచోటే నేలమీద కూలబడింది. ఎవరో నీళ్లు తెచ్చారు. పక్కన బాబాయ్ కూర్చుని, చిన్నప్పుడు వాళ్ల నాన్న చేసినట్టు, తలమీద చెయ్యి వేశాడు.

విచారణ జరిగింది. సైన్యం కదా, జరక్కుండా ఉంటుందా. లెక్కలక్క పేరు మీద పనిముట్టు పోగొట్టినందుకు ఒక తప్పు, పోయిన సంగతి దాచినందుకు ఒక తప్పు, లెక్కలో లేని వస్తువు గదిలోకి తెచ్చినందుకు ఇంకో తప్పు రాశారు. తనే వచ్చి చెప్పినందుకు మెచ్చుకోలు ఎక్కడా రాయలేదు. అలాంటిది రాయడానికి ఆ కాగితాల్లో గడి లేదట. మేజరు గట్టిగా పట్టుబట్టడం వల్ల ఉద్యోగం మాత్రం మిగిలింది. ఆవిడని మడతబల్ల మీదనుంచి తీసి గొడుగులు ఉతికి ఆరేసే చోట వేశారు. పెద్దమేస్త్రి వీడ్కోలు సభ లేకుండానే ఇంటికెళ్లిపోయాడు. ఇప్పుడు గదిలో కొత్త నియమం ఒకటుంది: పోయిందని ఆ పూటే చెప్పినవాళ్లని ఏమీ అనకూడదు. నియమం వచ్చిన వారంలోనే రెండు కత్తెరలు పోయాయని చెప్పారు, రెండూ దొరికాయి.

ఇవన్నీ తేలకముందే, ఆ రాత్రి గడిచి వారం తిరక్కముందే కుర్రాళ్లు దూకారు. ఆ మధ్యాహ్నం లెక్కలక్క గేటు బయట టీ కొట్టు పక్కన భర్త స్కూటర్ కోసం నిలబడి ఉంది. లోపల బెంచీల మీద బోడితలలు గుంపుగా కూర్చుని టీ తాగుతున్నాయి. అందరి బట్టలకీ మట్టి, ఒకడి మోకాలికి కట్టు. ఒకళ్ల మాట ఒకళ్లు విననివ్వడం లేదు.

"పోయిన వారమే అయిపోవాల్సింది మనది" అంటున్నాడు చాట చెవులవాడు. "ఎవరో మతిలేని మనిషి కొక్కెం పారేసుకుందట. అంత చిన్న ముక్క కోసం మొత్తం ఆపేశారు. రేపు దూకాలనుకుంటూ రెండోసారి కూడా నిద్రపట్టక చచ్చాను నేను."

మిగతావాళ్లు వంతపాడారు. ఎవరూ ఆవిడని గుర్తుపట్టలేదు. ఏప్రాన్ లేకపోతే ఆవిడ ఎవరో ఒక పెద్దావిడ, అంతే.

స్కూటర్ వచ్చి ఆగింది. ఆవిడ ఎక్కలేదు. కొట్టు వైపే చూస్తూ నిలబడింది. చూపుడువేలు కొద్దికొద్దిగా కదులుతోంది.

"ఏం చూస్తున్నావే అక్కడ?" అన్నాడు భర్త.

"ఉండండి, మాట్లాడించకండి. మధ్యలో తప్పిపోతే మళ్లీ మొదట్నుంచి పెట్టాలి."

ఆయన ఇంజన్ ఆపేశాడు. ఆవిడ వేలు బెంచీ చివరిదాకా వెళ్లి, చాట చెవుల దగ్గర ఆగింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"సరిపోయిందా?" అన్నాడాయన.

"సరిపోయిందండీ" అని స్కూటరెక్కింది.